వేలిముద్ర

చదువు రానోళ్లను మా ఓర్వకల్లు తట్టు ‘యేలిముద్రగాళ్లు’ అంటారు. అది తిట్టు. మా మాదిగ గేరిలో ఆ తిట్టు పడని ఇల్లు లేదు. జీతానికి కుదిరినా, అప్పు తెచ్చుకున్నా కాగితంలో ఏం రాసిందో తెలియకుండా వేలు వత్తినోళ్లమే.

అట్లని మాకు విద్య లేకపోలేదు. మా జేజినాయన కపిల కుట్టేవాడు. తోలును సున్నపు గుంతలో నానేసి, బొచ్చు గీకి, తంగేడు చెక్కతో పదును చేసి, తిత్తికి తొండం కుడితే బావి నీళ్లు చేనికెక్కేవి. ఆ తోలుతిత్తి రెడ్ల బావిలో మునగొచ్చు. దాన్ని కుట్టినాయన చెయ్యి మాత్రం ఆ నీళ్లకు తగలగూడదు. తర్వాత ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటర్లు వచ్చినాయి. ఆయన విద్య ఆయన కండ్ల ముందరే చెల్లని కాసయింది. మోటరు సంగతి ఆయనకు చెప్పే అవసరం ఎవరికీ పడలేదు.

అమ్మ బేతంచెర్ల నాపరాళ్ల గనుల్లో బండలు మోసింది. 1995 తర్వాత మా మండలంలో పొదుపు సంఘాలు లేచినాయి. సంఘంలో చేరిన అమ్మ రాత్రిపూట పలక ముందేసుకొని తన పేరు దిద్దుకుంది. బ్యాంకులో సంతకం పెట్టొచ్చిన రోజు, ‘ఇంగ నన్ను యేలిముద్రది అనేకి ల్యాదు’ అనింది. పాసుపుస్తకంలో అంకెలు కూడబలుక్కొని లెక్క అడిగేది. బటన్ల ఫోను వచ్చినాక రెండు నొక్కితే నేను, మూడు నొక్కితే చెల్లెలు.

2015 నుంచి రాష్ట్రంలో స్టోర్లకు ఈ-పాస్ మిషన్లు వచ్చినాయి. ఏ వేలిముద్రనైతే సిగ్గని చెప్పి మాన్పించినారో, అదే వేలు మళ్లీ అడిగినారు. అమ్మ వేలు పెట్టింది. మిషను ఒప్పుకోలేదు. బండలు మోసి, సున్నం కలిపి వేలి గీతలు అరిగిపోయినాయి. ‘తుడ్సి సరిగ్గా పెట్టుమే’ అన్నాడు డీలరు. నాలుగుసార్లు పెట్టింది. వెనక వరసలో నవ్వులు. ఉత్త సంచితో ఇంటికొచ్చి, ‘సంతకం పెడతానంటే వద్దంటాడు నాయనా. నేను నేనేనని ఎట్ల చూపీల్ల?’ అనింది.

ఏకలవ్యుని బొటనవేలు ద్రోణుడు నోరు తెరిచి అడిగినాడు. అమ్మ వేలును ఎవరూ అడగలేదు. కూలి తినేసింది.

ఓటీపీతో తీసుకోవచ్చన్నారు. ఆ నంబరు నా ఫోనుకొస్తాది. ఆ పొద్దు నేను బడిలో పాఠం చెప్తుంటా. 2022లో మా టీచర్లకూ ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చింది. నాకింకా నలభై రాలేదు. యాప్ మారినప్పుడల్లా ఎనిమిదో తరగతి పిల్లల్ని అడుగుతున్నా.

వయసు మీద పడి అర్థం కావడంలేదని అంటారు. కపిల కారితే జేజినాయన విప్పి చూసి మళ్లీ కుట్టేవాడు. పాసుపుస్తకంలో తప్పు పడితే అమ్మ నిలదీసేది. మిషను ‘కలవలేదు’ అంటే ఎందుకు కలవలేదో డీలరుకే తెలియదు. ఇంక అమ్మ ఎవర్ని అడగాల? అడిగే తావు లేని చోట పాతికేళ్లోడైనా, అరవై ఏళ్లామె అయినా ఒకటే.

మన గేరుల నుంచి కంప్యూటర్ చదువులకు పోయిన పిల్లలున్నారు. వాళ్లు ఈ సంగతి పట్టించుకోవాల. మిషను కాదన్నప్పుడు మనిషిని చూసి, సంతకం తీసుకొని బియ్యం ఇచ్చే రిజిస్టరు ప్రతి స్టోరులో ఉండాలని అందరం అడగాల. అమ్మ ఆ సంతకం ఊరికే నేర్చుకోలేదు.