గాలిలో మెట్లు

సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా అమ్మాయి కనుమ నాటి రాత్రి "అమ్మా, ఓ జపాను బొమ్మల సినిమా చూద్దువు గాని రా" అంది. చిన్నపిల్లల సినిమా అనుకుంటూ కూచున్నాను. ఇసావో తకహాతా 1991లో తీసిన 'ఓన్లీ యెస్టర్‌డే'లో దయ్యాలూ లేవు, మంత్రాలూ లేవు. టోక్యోలో ఉద్యోగం చేసుకునే ఇరవై ఏడేళ్ల తయేకో 1982లో సెలవు పెట్టి, కుసుమ పూలు కోయడానికి యమగత వెళుతుంది. 1966 నాటి ఐదో తరగతి తయేకో కూడా ఆమె వెంట బయల్దేరుతుంది.

ఇందులో వర్తమానాన్ని, నవ్వితే బుగ్గల మీద పడే గీతలతో సహా గీశారు. గతాన్ని మాత్రం లేత రంగుల్లో, అంచులు తెల్ల కాగితంలో కలిసిపోయేట్టు వదిలేశారు. కలలన్నీ అక్కడే ఉన్నాయి. ఎండ రోజులిష్టమా, మబ్బు రోజులా, వాన రోజులా అని ఓ అబ్బాయి అడిగి, ఇద్దరి జవాబూ ఒకటే అయ్యేసరికి, తయేకో కనబడని మెట్లెక్కి ఆకాశంలోకి వెళ్లి ఈదుతుంది. నెలసరి గురించి బళ్లో గుసగుసలూ అక్కడే ఉన్నాయి. బడి నాటకంలో ఆమెను చూసి, కాలేజీ వాళ్లు తమ నాటకానికి అడుగుతారు. తండ్రి ఒక్క ముక్కలో వద్దంటాడు. ఆ వేషం ఇంకో అమ్మాయికి వెళ్లిపోతుంది.

నాదీ ఐదో తరగతే. దామెర్ల రామారావు పుట్టిన రాజమండ్రి మాది. 1925లో చిన్న వయసులోనే పోయిన ఆ చిత్రకారుడి భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారు. మా డ్రాయింగు మాస్టారు ఆ సంగతే చెప్పి, నాకు బొమ్మలు నేర్పించమని నాన్నగారిని అడిగారు. "ఆడపిల్లకి ముగ్గులొస్తే చాలు మాస్టారూ" అన్నారు నాన్నగారు, నవ్వుతూ. అప్పట్నుంచీ నా బొమ్మలన్నీ వాకిట్లోనే. పొద్దున్న ఉంటాయి, సాయంత్రానికి కాళ్ల కింద చెరిగిపోతాయి.

ఈ కథ క్లాసులో ఎన్నిసార్లో చెప్పాను. ఎప్పుడూ నాన్నగారి మాట దగ్గరే ఆపేసేదాన్ని. ఆ రాత్రి తెర మీది తండ్రి గొంతు మాత్రం నాదే అనిపించింది. ఇంటర్ అయ్యాక ఈ పిల్ల యానిమేషన్ చదువుతానంటే, "ముందు ఇంజనీరింగ్ చెయ్యి, ఆ తర్వాత నీ ఇష్టం" అన్నాను. నేనూ నవ్వుతూనే అన్నాను. నా 'వద్దు'కి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను.

చివర్లో తయేకో టోక్యో రైలెక్కేస్తుంది. పేర్లు పడుతుండగా ఆనాటి పిల్లలంతా పెట్టెలో ప్రత్యక్షమై ఆమెను వెనక్కి మళ్లిస్తారు. కలంటే నిజం నుంచి పారిపోవడమని మనం తేలిగ్గా అనేస్తాం. దిగాల్సిన చోట ఆమెను దింపింది ఆ కలే కదా!

"ఇప్పుడూ బొమ్మలేస్తున్నావా?" అని అడిగాను. ఆ మాట అడగడానికి నాకు ఏడేళ్లు పట్టింది. ఫోన్ తీసి చూపించింది. ఆఫీసు పనయ్యాక రాత్రుళ్లు వేసినవట. ఒకదాంట్లో మా వాకిలి, ముగ్గేస్తూ వంగిన నా వీపు.

తప్పయిందని పైకి అనలేకపోయాను. ఇది పంపేముందు తనకే చదివి వినిపించాను. "తాతగారి మాట ఉంచు. నీ మాట కూడా తీసెయ్యకు" అంది.