ఆహ్వాన పత్రం అక్షరాలు



ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం కార్డు వేయించే పని ఈసారి కమిటీ నాకు అప్పజెప్పింది. గిడుగు వారి పుట్టినరోజు కదా, ఫాంట్ల జాబితాలో 'గిడుగు' అన్న పేరు కనబడగానే కార్డు మొత్తం అందులోనే పెట్టమన్నాను. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండి, మన గుణుపురం కొండల్లో కూడా వినబడే సవర భాష నేర్చుకుని నిఘంటువు రాసిన మనిషి. ఇంకేం ఆలోచిస్తాం?

నమూనా చూసి రాయగడలో మా అక్క "ఏటి రాసేర్రా ఇందులో?" అంది. పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో ఆ ఫాంటు చేసింది పెద్ద సైజు శీర్షికలకి, పోస్టర్లకి. సన్నటి మేటర్‌కి వాడింది నేను. వాడుక భాష కోసం పోరాడినాయన పేరుతో ఎవరూ చదవలేని కార్డు వేయబోయాను!

నేను చదివింది తమిళ మీడియం. అక్కడ త, థ, ద, ధ నాలుగింటికీ ఒకటే అక్షరం. తెలుగు అక్షరాలు నేను పార్వతీపురం, బొబ్బిలి స్టేషన్ బోర్డుల మీద కూడబలుక్కుని నేర్చుకున్నవే. ద కింద చిన్న గీత పడితే ధ, ప కింద పడితే ఫ. ఆ గీత కనబడకపోతే నాలాంటి వాడి పని అయిపోయినట్టే. ఒడియా బడికెళ్లే మన పిల్లలకీ అంతే.

తాటాకు మీద గంటంతో రాస్తే గీతంతా ఒకటే మందం. తిన్నటి గీతలకి ఆకు చీలుతుందని అక్షరాలు గుండ్రమయ్యాయంటారు, ఒడియా కూడా అలాగే. కాగితం, కలం వచ్చాకే లావూ సన్నమూ వచ్చాయి. ఇంగ్లీషు పుస్తకాల అక్షరాల చివర కనబడే చిన్న పాదాలని సెరిఫ్‌లు అంటారు, రోమన్ల శిలాశాసనాల నుంచి వచ్చాయవి. తెలుగుకి ఆ పాదాలు లేవు. తలకట్టు ఉంది, ఆ లావు సన్నాల తేడా ఉంది.

దాన్ని పట్టించుకుని చేసిన ఫాంటు టైరో తెలుగు. కెనడాలోని టైరో టైప్‌వర్క్స్ వాళ్లది. జాన్ హడ్సన్, ఫియోనా రాస్ పనిచేశారు. హార్వర్డ్ వారి మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం పుట్టింది. 2015లో వచ్చిన ఆ మొదటి పుస్తకాల్లో మన పెద్దన మనుచరిత్ర ఉంది. ఇప్పుడది ఉచితంగానే దొరుకుతుంది.

శీర్షిక గిడుగులోనే ఉంచి, మేటర్ టైరోలోకి మార్పించాను. అక్క ఈసారి గడగడా చదివేసింది. చివర ఆగి, "ధన్యవాదాలు అన్న దగ్గర ధ కింద గీత ఏదిరా?" అంది. అది ఫాంటు తప్పు కాదు, నా తమిళ బడి.

దిద్దించాను. కార్డులు ఆదివారం వస్తాయి. కొరాపుట్ వాళ్లవి సోమవారం బండిలో పంపిస్తాను.