నూరు దేనారముల అప్పు

మేము మా తోడికోడలితో పదునాలుగు సంవత్సరములు మాటలాడలేదు. ఒకే దేవాలయమున ఆమె కుడిప్రక్కను, మేము ఎడమప్రక్కను కూర్చుండి, ఒకే ప్రార్థన చెప్పుచు, ఒకే పాత్రలోని ద్రాక్షారసమును పుచ్చుకొనుచుంటిమి. ఇట్లు చేయువారము మేమొక్కరమే కామని సోదరీమణులకు చెప్పనక్కరలేదు.

కారణము వినుడు. మా అత్తగారు పదునొకండు మాసములు మంచమున నుండగా పథ్యము వండిపెట్టి, రాత్రులు మేలుకొనినది మేము. ఆమెను సమాధిచేసిన పిమ్మట ఆదరణకూటమునకు వచ్చిన బంధువులందఱు భోజనమునకు కూర్చుండగా, మా తోడికోడలు, "అత్తగారి గొలుసు ఏమయినదో పెట్టె తాళములు దగ్గఱనున్నవారికే తెలియవలెను" అనెను. ఆ గొలుసును మందులకై అత్తగారే అమ్మించిరి. ఆ సంగతి మావారికి తెలియును. వారు విస్తరివంక చూచుచు ఊరకుండిరి. (వారిపై మాకు వచ్చిన కోపము వేఱొక వ్యాసమునకు చాలును.) తరువాత నిజము తెలిసినను ఆమె మాతో ఒక్క మాటయైన అనలేదు.

అది మొదలు మా మనస్సులో ఒక పద్దుపుస్తకము తెఱవబడెను. ఆమె మా పిల్ల పెండ్లికి ఆలస్యముగా వచ్చెను, వ్రాసికొంటిమి. చూచియు చూడనట్లు పోయెను, వ్రాసికొంటిమి. చిన్న విషయములను మఱచిపోవలెనని బోధకులు చెప్పినప్పుడెల్ల, మాది చిన్న విషయము కాదని మనస్సు మొండికెత్తెడిది.

ఒక ఆదివారము బడిలో బాలికలకు మత్తయి సువార్త 18వ అధ్యాయములోని ఉపమానము చెప్పుచుంటిమి. రాజు తన దాసునికి పదివేల తలాంతులు విడిచిపెట్టెను; ఆ దాసుడు తోడిదాసుని నూరు దేనారములకై గొంతుపట్టుకొనెను. దేనారము కూలివాని ఒకనాటి కూలి. తలాంతు ఇంచుమించు 6,000 దేనారములు. నల్లబల్లపై గుణించి చూపగా మొదటి అప్పు 6 కోట్ల దినముల కూలి అయినది. పిల్లలు నవ్విరి. కూలివారి పిల్ల యొకతె మాత్రము నవ్వక, "నూరు దినముల కూలియు తక్కువ కాదు గదండీ! మా నాయనకు ఎవరైన అంత ఎగవేసిన మేమేమి తినవలెను?" అని అడిగెను.

మాకు జవాబు తోచలేదు. ఆ నూరు దేనారములను అల్పమనుచు ఇన్నాళ్లు బోధించితిమి. ప్రభువు అల్పమనలేదు. అది నిజమైన అప్పే. నష్టము లేనిచోట క్షమింపవలసినదేమున్నది? అప్పు కొట్టివేయుట యనగా అప్పు లేదనుట కాదు, ఆ నష్టమును మేమే భరింతుమనుట. మత్తయి వ్రాసిన పరలోకప్రార్థనలో పాపములకు ఋణములను పేరుండుట ఇందులకే కాబోలు.

ఆ రాత్రి మా అప్పు జ్ఞాపకమునకు వచ్చెను. ఇది ఇంతవరకు ఎవరితోను చెప్పలేదు. అత్తగారి జబ్బునాళ్లలో ఒకరాత్రి విసిగిపోయి, ఆమె దాహమని పిలుచుచుండగా వినబడనట్లు పండుకొంటిమి. ఉదయమున ఆమె మా ముఖము చూచి, "నిద్రపట్టినదా అమ్మా?" అని మాత్రము అడిగిరి. మేము మేలుకొనియుంటిమని ఆమె ఎఱుగుదురు. ఎవరితోను చెప్పకుండ కన్నుమూసిరి.

గ్లాడిస్ స్టెయిన్స్ గారి సంగతి సోదరీమణులు వినియుందురు. 1999 జనవరి 22వ తేదీ రాత్రి ఒడిశాలోని మనోహరపురమున, వాహనములో నిద్రించుచున్న ఆమె భర్త గ్రాహము గారిని, పదేండ్ల ఫిలిప్పును, ఆరేండ్ల తిమోతిని దుండగులు సజీవముగ దహించిరి. గ్రాహము గారు బారిపదలో కుష్ఠరోగులకు సేవచేసినవారు. హంతకులను క్షమించితినని ఆమె చెప్పిరి. చెప్పి స్వదేశమునకు పోక, పదుమూడేండ్ల కుమార్తెతో 2004 వఱకు ఆ రోగులయొద్దనే యుండిరి. క్షమాపణ వేఱు, నేరమునకు శిక్ష వేఱు అనియు ఆమె స్పష్టపఱచిరి. న్యాయస్థానములు తమ పని తాము చేసెను. 2011లో సుప్రీంకోర్టు ముఖ్యదోషికి యావజ్జీవశిక్షను స్థిరపఱచెను. ఆ దుఃఖము ప్రక్కన మా గొలుసును పెట్టుటకు సిగ్గగుచున్నది. అయినను ఆమెయు జరిగినది ఏమియు లేదనలేదు గదా యని ధైర్యము కలిగెను.

మఱునాడు తోడికోడలి యింటికి పోతిమి. ఆమె మోకాళ్లనొప్పితో కుర్చీలో నుండెను. "రా, చెల్లీ" యనెను. కాఫీ యిప్పించెను. మా మనుమని చదువును గూర్చి అడిగెను. గొలుసు మాట ఆమె యెత్తలేదు, మేము ఎత్తలేదు. కన్నీళ్లు, కౌగిలింతలు ఏమియు జరుగలేదు. పైగా ఇంటికి వచ్చి పండుకొనినంతనే, ఒక్క మాట అడుగకూడదా యని కోపము మరల లేచెను. మరల కొట్టివేసితిమి. తెల్లవాఱుజామున మరల లేచెను.

క్షమింపవలసిన లెక్కగా సువార్తలో చెప్పిన 'డెబ్బది ఏళ్ల మారులు' అను మాటను చిన్ననాడు మేము డెబ్బది సంవత్సరములనుకొనెడివారము. అది డెబ్బది ఏడులనియు, 490 అనియు పిదప తెలిసినది. ఒక్క తప్పునకే అన్ని మారులు పట్టునట్లున్నది. చిన్ననాటి అర్థమే సరియేమో.

మొన్న వేసవిలో ఆమె ఆవకాయ కావలెనని కబురంపెను. మా అత్తగారి పాత జాడీ నిండ పెట్టి పంపితిమి. జాడీ ఇంకను తిరిగి రాలేదు. మేము అడుగలేదు.