రూపం మారినా లోపం లేకుండా

కోరిన రూపం ధరించగలవాణ్ణి మన పురాణకథలు కామరూపి అన్నాయి. మారీచుడు బంగారులేడి అయ్యాడు. సముద్రం దాటేటప్పుడు కొండంత పెరిగిన హనుమంతుడు, లంకలో ప్రవేశించేటప్పుడు పిల్లి అంత అయ్యాడు. కథ వినే పిల్లవాడెవడూ మారీచుడి కోరలు ఎక్కడికి పోయాయని గాని, హనుమంతుడి బరువు ఏమైందని గాని అడగడు. మాయ అన్న మాట వినగానే ప్రశ్నలన్నీ సద్దుమణుగుతాయి.

యంత్రం సంగతి వేరు. ఒక లారీ లేచి నిలబడి మనిషి ఆకారం దాల్చిందంటే, చూసేవాడి కళ్ళు వెంటనే వెతుకులాట మొదలుపెడతాయి. చక్రాలు ఏమయ్యాయి? తలుపులు ఎటు మడుచుకున్నాయి? తల ఇంతసేపూ ఎక్కడ దాగి ఉంది? యంత్రానికి మాయ తెలియదు. దానికి తెలిసినవి కీలు, మర, మడత. అందుకే రూపం మార్చే మరమనిషిని గీయడం చిత్రకళలో కష్టమైన పనుల్లో ఒకటి. లారీని బాగా గీసి, మరమనిషిని బాగా గీస్తే చాలదు. ఒకదాని నుంచి మరొకదానికి పోయే దారి కూడా గీయాలి. ఆ దారిలో ఏ ముక్కా మాయం కాకూడదు, లేని ముక్క పుట్టుకు రాకూడదు.

ఈ తరహా మరమనుషులు లోకమంతా తిరిగింది ఆటబొమ్మల రూపంలో. జపాన్‌లోని టకారా అనే ఆటవస్తువుల కంపెనీ 1980లో డయాక్లోన్ పేరుతో ఒక బొమ్మల వరుసను ప్రారంభించింది. కొద్ది ఏళ్ళలోనే అందులో కార్లు, లారీలు మరమనుషులుగా మారే బొమ్మలు చేరాయి. వాటి రూపకర్తల్లో షోజి కవమోరి ఒకరు. 1960లో పుట్టిన ఆయన అప్పటికి ఇరవై ఏళ్ళు దాటిన యువకుడు. కాగితం మీద గీత అందంగా వచ్చినంత మాత్రాన ఆయనకు తృప్తి కలిగేది కాదు. లెగో ముక్కలను ఒకదానికొకటి తగిలించి, తిప్పి, మడిచి, ఆకారం నిజంగా మారుతుందో లేదో చేతులతో తేల్చుకొనేవాడు.

1984లో అమెరికాకు చెందిన హాస్‌బ్రో కంపెనీ ఈ బొమ్మలను ట్రాన్స్‌ఫార్మర్స్ అనే పేరుతో అమ్మకానికి పెట్టింది. వాటిలో లారీగా మారే నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్. లారీ ముందు అద్దాలే అతని రొమ్ము మీది అద్దాలు. ప్లాస్టిక్ ముక్క అబద్ధమాడదు. మడత కుదిరితేనే మూత పడుతుంది. అయినా ఆ బొమ్మ కూడా లెక్క పూర్తిగా సరిపెట్టలేకపోయింది. పిడికిళ్ళు ఆ మడతల్లో ఇమడలేదు. వాటిని విడి ముక్కలుగా ఇచ్చారు. మరమనిషిగా నిలబెట్టినప్పుడు తగిలించాలి, లారీగా మార్చేటప్పుడు ఊడదీయాలి. పిల్లల ఆటల్లో అంత చిన్న ముక్కలు పోగొట్టుకోవడం ఎంత తేలికో వేరే చెప్పనక్కరలేదు.

అదే ఏడాది ఆ పాత్రలతో టెలివిజన్‌లో కార్టూన్ కూడా మొదలైంది. సినిమాలో ఒక్క సెకనుకు 24 చిత్రాలు కదులుతాయి. చేతితో గీసే కార్టూన్లలో ఒక్కొక్క బొమ్మను రెండు చిత్రాల పాటు నిలిపి, సెకనుకు 12 బొమ్మలతో సరిపెట్టుకోవడం వాడుక. ముందుగా ముఖ్యమైన భంగిమలు గీస్తారు. ఆ తరువాత వాటి నడుమ వచ్చే బొమ్మలను నింపుతారు. రూపం మారే ఘట్టంలో ఈ నడిమి బొమ్మల దగ్గరే గీసేవాడి నిజాయితీకి పరీక్ష. కార్టూన్ చాలాసార్లు దొడ్డిదారి పట్టింది. మెగాట్రాన్ అనే ఇనుప దిగ్గజం చేతిలో ఇమిడే తుపాకి అయిపోయేవాడు. మిగిలిన ఇనుమంతా ఏమైందో కార్టూన్ చెప్పలేదు. ఆ మార్పు రెప్పపాటులో జరిగిపోయేది గనుక చూసేవారు అంతగా పట్టించుకోలేదు.

కదిలే బొమ్మల విద్యలో బరువు గురించి ఒక పాత సూత్రం ఉంది. డిస్నీ సంస్థలో దీర్ఘకాలం పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో ప్రచురించిన గ్రంథంలో దానిని వివరించారు. ఆ సంస్థలో అభ్యాసానికి సగం నిండిన పిండి బస్తాను గీయించేవారు. బస్తాను నొక్కితే పక్కలకు ఉబ్బుతుంది, లాగితే సన్నగా సాగుతుంది. ఏ ఆకారంలో ఉన్నా లోపలి పిండి మాత్రం అంతే. గీతలో పిండి పెరిగినట్లో తరిగినట్లో కనిపిస్తే ఆ బొమ్మకు బరువు పోతుంది. ఇనుప మరమనిషి బస్తాలా సాగడు. కాని ఉన్న సరుకు ఉన్నంతే ఉండాలన్న నియమం అతనికీ వర్తిస్తుంది.

ఈ నియమాన్ని పాటించడానికి అభ్యాసకులు అనుసరించే పద్ధతి తేలికైనదే. మొదట ఒకే కాగితం మీద, ఒకే కొలతతో, వాహనాన్నీ మరమనిషినీ పక్కపక్కన గీయాలి. వాహనంలోని ప్రతి ముఖ్య భాగానికీ ఒక అంకె వేయాలి. అదే అంకెను మరమనిషి ఒంటి మీద ఆ భాగం చేరిన చోట వేయాలి. ఎక్కడా చేరని అంకె మిగిలితే ఆలోచన ఇంకా పూర్తి కాలేదన్నమాట. తరువాత ప్రతి భాగం ఎలా కదులుతుందో నిర్ణయించాలి. కదలికలు ముఖ్యంగా మూడే: కీలు మీద తిరగడం, గాడిలో జారడం, మడత పడడం. ఆపైన వరుస చూసుకోవాలి. తలుపు తెరుచుకోకముందే లోపలి చేయి బయటికి రాకూడదు. కాళ్ళు నేల మీద ఊనకముందే నడుము పైకి లేవకూడదు. పెద్ద భాగాలు ముందు కదిలి, చిన్నవి కొంచెం ఆలస్యంగా వెంట వస్తే కంటికి నమ్మకం కలుగుతుంది. అన్నీ ఒక్కసారిగా కదిలితే గందరగోళమే మిగులుతుంది.

కంప్యూటర్ వచ్చాక పెన్సిలు పని కొంత తగ్గింది గాని ఆలోచన పని తగ్గలేదు. బ్లెండర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రతి భాగాన్నీ విడిగా తయారుచేసి, ఒకదానికి మరొకదానిని తల్లీ బిడ్డల వరుసలో ముడివేస్తారు. భుజం కదిలితే మోచేయి, మోచేయి కదిలితే అరచేయి వెంట వస్తాయి. ఈ ఆలోచన తోలుబొమ్మలాట ఎరిగినవారికి కొత్తది కాదు. ఆంధ్రదేశపు తోలుబొమ్మకు భుజం, మోచేయి, నడుము, మోకాలు దగ్గర కీళ్ళుంటాయి. ఒడిశాలోని రావణఛాయ బొమ్మ మాత్రం ఒకే ముక్కగా ఉంటుంది. దానికి కీళ్ళుండవు. రెండూ తెర మీద ప్రాణం పోసుకుంటాయి గాని, చేయి మడిచే తీరు కీలున్న బొమ్మకే సాధ్యం. కంప్యూటర్‌లో కీలు ఎక్కడ పెట్టాలో తెలియాలన్నా, ఇలాంటి బొమ్మల్ని శ్రద్ధగా గమనించడం మంచి చదువే.

2007లో మైకేల్ బే దర్శకత్వంలో ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాగా వచ్చింది. అమెరికాలోని ఇండస్ట్రియల్ లైట్ అండ్ మాజిక్ అనే సంస్థ ఆ మరమనుషులను కంప్యూటర్‌లో తయారుచేసింది. ఆప్టిమస్ ప్రైమ్ ఒక్కడిలోనే 10,108 భాగాలు ఉన్నాయి. కొన్ని చిత్రాలలో ఒక్కొక్కటి పూర్తి కావడానికి కంప్యూటర్‌కు 38 గంటల దాకా పట్టింది. అలాంటి 24 చిత్రాలను ఒకే యంత్రం చేయవలసి వస్తే, తెర మీది ఒక్క సెకనుకు 38 రోజులు కావాలి. అందుకే ఎన్నో యంత్రాలు ఆ పనిని పంచుకున్నాయి. ఇంత సాధనసంపత్తి ఉన్నా, ఒకసారి చేసిన మార్పును ప్రతి దృశ్యంలోనూ వాడుకోవడం కుదరలేదు. కెమెరా ఎటునుంచి చూస్తుందో దానిని బట్టి ఆ మార్పును మళ్ళీ మళ్ళీ కూర్చవలసి వచ్చింది. చూసేవారి కంటికి ఏది కనబడుతుందో దానికి లెక్క చెప్పడం కళాకారుడి బాధ్యతగానే మిగిలింది.

దక్షిణాదిలో ఈ మార్గం మరో విధంగా కనిపించింది. శంకర్ దర్శకత్వంలో 2010లో వచ్చిన తమిళ చిత్రం ఎందిరన్ తెలుగులో రోబో పేరుతో విడుదలైంది. దాని చివరి ఘట్టంలో ఎందరో మరమనుషులు ఒకరినొకరు పట్టుకొని పెద్ద బంతిగా, పాముగా, మహాకాయుడిగా మారతారు. ఇక్కడ ఏ ఒక్క మరమనిషీ తన రూపం మార్చుకోడు. అమరిక మాత్రమే మారుతుంది. ఇటుకలు అవే అయినా ఒకచోట గోడ, మరొకచోట బావి అయినట్లే ఇదీను.

ఇదంతా వినోదం కోసమే అనుకొనేవారికి 2024 జనవరి ఒక జవాబు చెప్పింది. ఆ నెలలో జపాన్ అంతరిక్ష సంస్థ పంపిన స్లిమ్ అనే నౌక చంద్రుని మీద దిగింది. దిగడానికి కొద్ది క్షణాల ముందు అది సోరా-క్యూ అనే చిన్న లోహపు బంతిని కిందికి వదిలింది. దాని వ్యాసం సుమారు 8 సెంటీమీటర్లు, బరువు సుమారు 250 గ్రాములు. నేల మీద పడ్డాక ఆ బంతి రెండుగా విచ్చుకుంది. రెండు సగాలూ చక్రాలయ్యాయి. నడుమ నుంచి కెమెరా బయటికి వచ్చింది, వెనక తోక సాగింది. నౌకలో చోటు తక్కువ గనుక ముడుచుకొని ప్రయాణం చేసింది. నేల మీద నడవాలి గనుక విచ్చుకుంది. దాని తయారీలో పాలుపంచుకున్న వాటిలో ఒకటి టకారా టోమీ అనే బొమ్మల కంపెనీ. డయాక్లోన్ బొమ్మలు చేసిన టకారా 2006లో టోమీతో కలిసి ఆ పేరు దాల్చింది. స్లిమ్ తలకిందులుగా దిగి ఆగిన తీరును లోకానికి చూపింది ఈ చిన్న బంతి తీసిన చిత్రమే.

చంద్రుని మీద విడి పిడికిలిని తెచ్చి తగిలించేవారు ఎవరూ ఉండరు. అక్కడ ప్రతి ముక్కా తన చోటు తానే వెతుక్కొని చేరాలి. లెగో ముక్కలను తిప్పిచూసిన చేతులూ, కాగితం మీద అంకెలు వేసిన చేతులూ నేర్చుకున్న పాఠం అదే. పెన్సిలు పట్టి లారీని మరమనిషిగా మార్చబోయే పిల్లవాడు చక్రం దగ్గర కాసేపు ఆగి, ఇది ఎక్కడికి పోవాలని తనను తాను అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా తరువాతి గీత గీయకపోవడమే మంచిది.