రేకుల షెడ్డులో రేడియో

చంపాపేట్‌లో చెవి, ముక్కు, గొంతు వైద్యము చేయువానికి వానకాలపు జలుబులును, పసిపిల్లల చెవిపోటులును ఎట్లును తప్పవు గాని, నన్ను ఎక్కువగా ఆలోచింపజేయునది రేకుల షెడ్డులనుండి వచ్చు పనివారి చెవుడు. తలుపులు, మంచములు చేయు వడ్రంగులు, కిటికీ గ్రిల్లులు అతుకు వెల్డింగు పనివారు, సాగర్ రోడ్డుమీది బండ్లను నమ్ముకొని బ్రదుకు మెకానిక్కులు, వీరెవ్వరును తమకు చెవుడని చెప్పుకొనుచు రారు. "మా ఇంటామె పోరు పడలేక వచ్చిన సార్, నాకైతే మంచిగనే ఇనబడతది" అని మొదలుపెట్టుదురు. వెంట వచ్చిన ఇల్లాలు టీవీని గూర్చి ఫిర్యాదు చేయును. నేను రేడియోను గూర్చి అడుగుదును. పనిచోట రేడియో కలదా, అయిదారేండ్ల క్రిందట దానిని ఎంత పెట్టెడివారు, ఇప్పుడెంత పెట్టుచున్నారు అను ప్రశ్నలకు వచ్చు జవాబులతోనే రోగనిర్ణయము సగము ముగియును.

ఒక వడ్రంగి మేస్త్రి సంగతి చెప్పెదను. చేతిరందాతో పని నేర్చిన తరమువాడు. తరువాత కరెంటు రంపమును, ప్లేనరును వచ్చినవి గాని అతని రేడియో మాత్రము మారలేదు. మా ఇంటి తలుపు విషయమై ఆ షెడ్డుకు పోయినప్పుడు దానిని చూచితిని. గోడమేకుకు తీగతో వ్రేలాడగట్టిన బ్యాటరీల పెట్టె అది; స్పీకరు జల్లెడనిండ టేకుపొట్టు పేరుకొనియుండెను; శబ్దము పెంచు బొత్తాము ఎన్నడో ఊడిపోగా, మిగిలిన ఇరుసును పట్టకారుతో త్రిప్పుచుండిరి. రంపము తిరుగుచున్నంతసేపు ఆ పెట్టె పాడుచున్నదో లేదో నాకు తెలియనే లేదు. అంతలో కరెంటు పోయినది. యంత్రములన్నియు ఒక్కమారుగా ఆగగా, పాట వీధి చివరివరకు మారుమ్రోగినది. నేను చెవులు మూసికొంటిని. ఎదుటి కిరాణా దుకాణమువాడు తల త్రిప్పి చూచెను. షెడ్డులో పాతవారిలో ఒక్కడైనను ఉలికిపడలేదు. కొత్తగా పనిలో చేరిన కుర్రవాడు మాత్రము మొగము చిట్లించెను. ఆడియోమీటరు లేకుండ ఇంత నికరమైన వినికిడి పరీక్షను నేనెక్కడను చూడలేదు.

లోచెవిలో నత్తగుల్ల ఆకృతి గల కాక్లియాయందు శబ్దమును గ్రహించు సూక్ష్మకేశకణములు కలవు. అతిధ్వనికి చచ్చిన కణము మానవునియందు మరల మొలవదు. యంత్రధ్వనికి మొదట చెడునది సామాన్యముగా 4000 హెర్ట్జుల ప్రాంతము. అందుచేత ఆడియోగ్రాములో గీత అచ్చట గోయివలె దిగి, 8000 వద్ద మరల కొంత లేచును. అచ్చుల బలమంతయు క్రిందిస్థాయిలో నుండుటచేత ఎవరో పలికినట్లు వినబడుచునే యుండును గాని, సకార చకారాదుల సన్నని ధ్వనులు జారిపోయి మాట పోల్చరాదు. "ఇనబడతది గని సమజ్ కాదు" అని మా రోగులు చెప్పునది శాస్త్రదృష్ట్యా అక్షరాల నిజము. ఇది నేటి జబ్బును కాదు. ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లో వృత్తిరోగములపై వెలువరించిన గ్రంథములోనే, దినమంతయు రాగిని సాగగొట్టు వెనిస్ కంచరివారు ముసలితనమున బొత్తిగా చెవిటివారగుదురని వ్రాసియున్నాడు.

ఎనుబదియైదు డెసిబెళ్ళ ధ్వనిలో ఎనిమిది గంటలకు మించి ఉండరాదని ఒక లెక్క కలదు. ఆపైన ప్రతి మూడు డెసిబెళ్ళకును అనుమతింపదగిన కాలము సగమగుచు, 100కు చేరునప్పటికి పావుగంట మాత్రమే మిగులును. ఇనుము కోయు గ్రైండరు ఆ నూరును తేలికగా అందుకొనును. ఇందులో రేడియో దోషమెంత? పాట వినబడవలెనన్నచో అది యంత్రమును మించవలెను. మించిననాడు చెవికి రెండుభారములు. చేయిచాపు దూరమున నున్నవానితో అరచి మాటలాడవలసివచ్చిన చోట, పాటయు అరవవలసినదే గదా!

అట్లని పనిచోట రేడియోను మాన్పింపవలెనను పక్షమున నేను లేను. ఒకే కొలత పలకలను ఉదయమునుండి సాయంకాలమువరకు చిత్రికపట్టువానికి పాట లేకున్న పొద్దు సాగదు. యుద్ధకాలమున, 1940 జూన్‌లో, బీబీసీవారు ఫ్యాక్టరీ పనివారికొరకే 'మ్యూజిక్ వైల్ యూ వర్క్' అను కార్యక్రమమును ఆరంభించిరి; యంత్రఘోషలోను వినబడునట్లు స్థాయి హెచ్చుతగ్గులు లేని వాద్యములను ఏరుకొనిరి. చప్పట్లు కొట్టించు ఒక అమెరికను పాటకు పనివారు పనిముట్లతో తాళము వేయుదురను భయమున దానిని బహిష్కరించిరట! మన హైదరాబాదు ఆకాశవాణికిని 'కార్మికుల కార్యక్రమము' ఉండెను; అందు చిన్నక్కగా రతన్ ప్రసాద్ గారి గొంతు ఎరుగని పాతతరము పనివాడు ఈ ప్రాంతమున అరుదు. 1957 అక్టోబరు 3న మొదలైన వివిధభారతి సంగతి చెప్పనే అక్కరలేదు.

నాకు నిజముగా భయము గొలుపునది ఇయర్‌ఫోను. గోడమీది రేడియో రంపముతో పోటీపడి చాలవరకు ఓడిపోవును, ఆ ఓటమి చెవికి మేలే. ఇయర్‌ఫోను కర్ణభేరికి అంగుళము దూరమున కూర్చుండి గెలువజూచును. గ్రిల్లుల పని చేయు ఒక యువకుడు, మూడుపదులైనను నిండనివాడు, "రాత్రి పండుకుంటే చెవులల్ల కీచురాళ్ళు అరిసినట్టైతది సార్" అని వచ్చెను. గ్రైండరు పట్టినంతసేపును చెవులలో పాటలేనట. దూది పెట్టుకొందునా యని అడిగెను. దూది ఆపునది స్వల్పము. సరిగా అమర్చిన నురుగు ప్లగ్గు గాని, చెవులను పూర్తిగా కప్పు మఫ్ గాని కావలెనని చెప్పి, రాత్రివేళ కీచుధ్వని బాధించినప్పుడు ప్రక్కన రేడియోను మిక్కిలి మెల్లగా పెట్టుకొమ్మంటిని. నిశ్శబ్దమున పెద్దదిగా తోచు ఆ కీచు, మరియొక మెత్తని ధ్వని తోడైనచో మరుగుపడును. రేడియో విషయమై తిట్లే విందునని వచ్చిన అతడు చీటీలో దానిని చూచి నవ్వెను.

శబ్దమువలన కలుగు చెవుడు ఫ్యాక్టరీల చట్టపు మూడవ షెడ్యూలులో, ప్రభుత్వమునకు తెలియజేయవలసిన వృత్తిరోగముల పట్టికలో చేర్చబడియుండెను. విద్యుచ్ఛక్తితో నడచుచు పదిమంది పనివారైన గల చోట్లనుద్దేశించి 1948లో చేసిన ఆ చట్టము, నలుగురైదుగురు పనిచేయు మా సందులోని షెడ్డును ఏనాడును తొంగిచూడలేదు. కావున చెప్పవలసినది షెడ్డు యజమానికో, మేస్త్రికో. "రంపం నడిచినంతసేపు చెవులకు మఫ్, రేడియో బంద్, రంపం ఆగినంక ఎంతసేపైనా పాటలు" అని నేను బేరము పెట్టగా, "గట్లయితే దినానికి సగం పాటలే ఇంటం గద సార్" అని మేస్త్రి గొణిగెను గాని, మొదటి మఫ్ కొత్తకుర్రవానికే కొనిపెట్టెను. వాని ఆడియోగ్రాము నిష్కళంకముగా నున్నది. మేస్త్రికి రెండు చెవులకును శ్రవణయంత్రములు కావలెను. మిగిలినవారు దసరా ఆర్డర్లు ముగిసినపిదప పరీక్షకు వత్తుమని కబురు పంపిరి.