బీరువా తాళం ఎవరి దగ్గర?

మా ముస్లిం ఇండ్లల్లో ఫొటో చుట్టూ ఎప్పుడూ ఒక పంచాయితీ ఉండేది. తస్వీర్ దిగొచ్చా, దిగకూడదా? గోడకు తగిలించొచ్చా? నమాజ్ చదివే గదిలో ఉండొచ్చా? మా దాదీ ఏ స్టూడియో మెట్లూ ఎక్కలేదు. 1993లో ఎన్నికల సంఘం ఫొటో గుర్తింపు కార్డులు పెట్టాక, ఆ కార్డు కోసం కెమెరా ముందు కూర్చుంది. ఆమెకున్న తస్వీర్ అదొక్కటే. మనవలు చూసుకోవడానికి దిగింది కాదు, సర్కారు చూడటానికి దిగింది.

తర్వాతి కాలంలో నికా ఫొటోలు, అఖీఖా ఫొటోలు వచ్చాయి. అవి అమ్మీ బీరువాలో ఉండేవి. తాళంచెవి ఆమె దగ్గరే. ఎవరికి చూపాలో, ఎవరి ముందు ఏ పేజీ గబుక్కున తిప్పేయాలో ఆమెకు తెలుసు. ఆ అధికారాన్ని అబ్బా కూడా ఎన్నడూ కాదనలేదు.

ఇప్పుడు ఆ బీరువా లేదు. మా ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, పిల్లలాడుకునే ఒక టాబ్, హాల్లో గోడకు స్మార్ట్ టీవీ. ఫోన్లమ్మిన కొట్టతను ఒకే జీమెయిల్ ఖాతా తెరిచి అన్నిట్లో అదే వేసి ఇచ్చాడు. చాలా ఇండ్లల్లో జరిగేది ఇదే. ఎవరు ఏ ఫోన్లో ఫొటో తీసినా అది గూగుల్ ఫొటోస్‌కు ఎక్కుతుంది. అక్కణ్ణించి అన్నిట్లోనూ కనిపిస్తుంది. దీన్ని సింక్ అంటారు.

ఒకరోజు మా చెల్లెలు తన గదిలో, తలమీద దుపట్టా లేకుండా, మెహందీ చేతులతో దిగిన ఫొటో హాల్లో మగవాళ్ళు కూర్చునుండగా టీవీ తెరమీద ప్రత్యక్షమైంది. ఖాళీగా ఉన్న టీవీ ఖాతాలోని ఫొటోలను ఒకటొకటిగా తిప్పి చూపిస్తుంది. దానికి ఎవరి ఫొటో ఎవరు చూడొచ్చో ఏం తెలుసు? చెల్లెలు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ‘‘మేరే కు పూఛే బగైర్ మేరీ తస్వీర్ బాహర్ కైసే ఆయీ భాయ్‌జాన్?’’ అంది. నన్నడక్కుండా నా ఫొటో బయటికెట్లా వచ్చిందని.

ఈ సంగతి చెబితే నా సెక్యులర్ మిత్రులు కొందరు నవ్వారు. ఇంకా పర్దాలోనే ఉన్నారా అన్నారు. అయ్యా, ఆమె ప్రశ్నలో పర్దా అనే మాటే లేదు. ‘అడక్కుండా’ అనే మాట ఉంది. మీ ఇంటి ఆడపిల్ల తడి జుట్టుతో తీసుకున్న ఫొటో మీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో, పక్క సీటాయన చూస్తుండగా తెరుచుకుంటే మీరు నవ్వుతారా? మాకొస్తే మతం, మీకొస్తే మర్యాద ఎట్లా అవుతుంది?

చూడటం సంగతి ఇట్లా ఉంటే, చెరపడం సంగతి ఇంకోటి. టాబ్‌లో చోటు చాలడం లేదని మా మేనల్లుడు పాత ఫొటోలు తీసేశాడు. తీసేసింది టాబ్‌లోనే అయినా పోయింది అన్నిట్లోనూ. అబ్బా చివరి రంజాన్ ఫొటోలు అందులోనే ఉన్నాయి. గూగుల్ ఫొటోస్ బిన్‌లో 60 రోజులు ఉంటాయి కాబట్టి మళ్ళీ దొరికాయి. ఐఫోన్ వాళ్ళ ఐక్లౌడ్‌లో ఆ గడువు 30 రోజులే. ఫోన్లో చోటు ఖాళీచేసే మీట వేరే ఉంది. అది క్లౌడ్‌కు చేరిన ఫొటోల ప్రతుల్ని ఆ ఒక్క పరికరంలోంచే తీస్తుంది. ఈ తేడా తెలీక జ్ఞాపకాలు పోగొట్టుకున్న ఇండ్లెన్నో. సింక్ అంటే దాచుకోవడం అనుకుంటున్నాం. అది అద్దం లాంటిది. ఇక్కడ ఉంటే అక్కడ కనిపిస్తుంది, ఇక్కడ పోతే అక్కడా పోతుంది.

పైగా ఆ చోటు మనది కాదు. ఫొటోలు ఎన్నయినా ఉచితంగా దాస్తామన్న గూగుల్ 2021 జూన్ 1 నుంచి ఆ మాట ముగించింది. ఉత్తరాలకూ ఫైళ్ళకూ ఫొటోలకూ కలిపి 15 జీబీ. దాటితే కిరాయి కట్టాలి. రెండేళ్ళు ఎవరూ తెరవని ఖాతాను తీసేసే నియమం కూడా 2023 డిసెంబర్ నుంచి అమలులోకొచ్చింది. చనిపోయిన మనిషి ఫోన్ డ్రాయర్లో పడేస్తే, ఆయన ఖాతాకు ఏమవుతుందో ఆలోచించండి.

మాకు ఫొటోలంటే మనుషులే కాదు, కాగితాలు కూడా. 2019 ఆగస్టు 31న అస్సాంలో ఎన్నార్సీ తుది జాబితా వచ్చింది. 19 లక్షల మందికి పైగా అందులో లేరు. అదే డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం. ఆ చలికాలం మా బస్తీలో ప్రతి ఇంట్లో పెట్టెలు తెరుచుకున్నాయి. రేషన్ కార్డులో ‘ఎండీ’, ఆధార్‌లో ‘మొహమ్మద్’, ఓటరు జాబితాలో ‘మహమ్మద్’. దాదా కాలంనాటి దస్తావేజు ఉర్దూలో. ఒకే మనిషి ముగ్గురయ్యాడు. 2020 అక్టోబర్ వరదలో హఫీజ్ బాబా నగర్ లాంటి పాతబస్తీ కాలనీలు మునిగాయి. జనం తడిసిన కాగితాలు ఎండబెట్టుకున్నారు. ఆ తర్వాత అందరం కాగితాలన్నీ ఫోన్లో ఫొటోలు తీసిపెట్టుకున్నాం. ఆ ఫొటోలు కూడా పిల్లలాడుకునే టాబ్‌లోకే చేరాయి!

గూగుల్ మా ఇంటి మొహాల్ని గుంపులు చేసింది. నఖాబ్‌లో ఉన్న మా ఖాలా చాలా ఫొటోల్లో ఏ గుంపులోనూ చేరలేదు. ఖాలా సంతోషించింది. ఆ సంతోషంలో వెటకారం లేదు. 2021 లాక్‌డౌన్ కాలంలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పాతబస్తీలో పోలీసులు ఆపి, మాస్కు తీయమని, ఫొటో తీశారు. మొహాల్ని పోల్చే యంత్రాలను ప్రశ్నిస్తూ ఆయన తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు. ఇంట్లో గుంపులు చేసే యంత్రం, వీధిలో పోల్చే యంత్రం ఒకటేనని నేననడం లేదు. వీధిలో అడక్కుండా ఫొటో తీయించుకున్న వాళ్ళకు ఇంట్లో కూడా అడగమనే హక్కు ఎందుకుండకూడదు?

అందుకని ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. ఎవరి ఫోన్‌కు వాళ్ళ ఖాతా వేసుకున్నాం. వాట్సాప్ ఫోల్డర్ పైకి పోకుండా ఆపాం. టీవీలోంచి ఖాతా తీసేశాం. జెద్దాలో ఉన్న తమ్ముడికి వేరే ఒక ఆల్బమ్. అందులో ఏ ఫొటో చేరాలన్నా ఫొటోలో ఉన్నవాళ్ళు ఊఁ అనాలి. ఏడాదికి రెండుసార్లు, రంజాన్ ముందొకసారి, బక్రీద్ తర్వాతొకసారి, అన్నిటినీ రెండు హార్డ్ డిస్క్‌లలోకి దించుతాం. ఒకటి మా ఇంట్లో, ఒకటి ఖాలా ఇంట్లో. కాగితాల ఫొటోలు ఆ డిస్క్‌లలోనూ ఉంటాయి, అసలు కాగితాలు ప్లాస్టిక్ సంచిలో అటక మీద. నా తర్వాత నా ఖాతా ఎవరికి చేరాలో కూడా గూగుల్‌లో రాసిపెట్టాను.

డిస్క్‌లు అమ్మీ బీరువాలో ఉన్నాయి. చెల్లెలు తన ఖాతాకు కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుంది. అదేమిటో మేమెవరం అడగలేదు.