ఎన్నికలైన పిమ్మట

ఎన్నికలనాడు పుట్టిన మాటలు ఎన్నికలతోనే సమసిపోవునని యనుకొనుట లోకానుభవమునకు విరుద్ధము. జెండాలను దింపుదురు, గోడలమీది వ్రాతలకు సున్నము కొట్టుదురు, మైకులు కట్టిన ఆటోలు మఱల ప్రయాణికుల నెక్కించుకొనును. మాటలు మాత్రము నిలిచియుండును. 2024 వ సంవత్సరము మే 13 వ తేదీన మన ఆంధ్రదేశమున లోకసభకును శాసనసభకును ఒకే దినమున ఓట్లు పడినవి. నూటికి ఎనుబదిమందికి పైగా ఓటు వేసిరి. ఇది గర్వింపదగిన సంగతి. అయితే, పల్నాటియందును, తాడిపత్రి, తిరుపతి ప్రాంతములందును ఆనాడును తరువాతి దినములందును జరిగిన కొట్లాటలు, పోలీసు ఆంక్షలు, ఎన్నికల సంఘమువారు కొందఱు ఉన్నతాధికారులపై చర్య గైకొనుట, ఇవియు ఆ యెన్నికలలోనివే. మొదటిదానిని చెప్పి రెండవదానిని దాచుట ఉపాధ్యాయునకు తగదు. జూన్ 4 న ఫలితములు వెలువడినవి. మా పాఠశాల యున్న గ్రామమున నెత్తురు చిందలేదు. కాని రెండు వీథుల నడుమ పలుకరింపులు నిలిచిపోయినవి.

ఈ రెండు వీథులవారును ఒకే కాలువ నీటితో పైరు పండించుకొనువారు. ఒకరి యింట పెండ్లికి మఱియొకరు పందిరి వేసినవారు. ఇప్పుడు పైవీథివారికొక టీ కొట్టు, క్రింది వీథివారికొక టీ కొట్టు. పెద్దలు మాటలాడుకొనకున్న బడికేమి నష్టమని పాఠకులు అడుగవచ్చును. పిల్లలు తండ్రుల పగలను పుస్తకములతోపాటు సంచిలో పెట్టుకొని వత్తురు. సెలవుల తరువాత బడి తెరచునప్పటికి పదవతరగతిలో బెంచీలు మాఱినవి. మేము మాఱ్చలేదు, వారే మాఱ్చుకొనిరి. ఆ వారముననే లోకసభ నిర్మాణమును గూర్చి పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "మాస్టరుగారూ, గెలిచినవారు పరిపాలింతురు, సరే. ఓడినవారికి ఓటు వేసినవాళ్లు అయిదేండ్లు ఏమి చేయవలెను?" అని యడిగెను. కొందఱు నవ్విరి. అతడు నవ్వలేదు. అతని తండ్రి ఓడిన పక్షమునకు బూతు ఏజెంటుగా కూర్చున్నవాడు. తరగతిలో మేము చెప్పిన జవాబు పది నిమిషములది. ఇచ్చట కొంత విపులముగా వ్రాయుచున్నాము.

మేము ఉపాధ్యాయ శిక్షణము ముగించి ఉద్యోగమున చేరిననాటినుండి పలుమాఱులు పోలింగు విధులకు పోయితిమి. బడిగంటకన్న కఠినమైన కాలనియమమును అచ్చటనే చూచితిమి. ఉదయము 7 గంటలకు ఓటింగైనచో, 5.30 కే ఏజెంట్ల యెదుట యంత్రముపై కనీసము ఏబది నమూనా ఓట్లు వేయించి, లెక్క సరిచూపి, వానిని చెఱిపివేసి, సంతకములు గైకొనిన పిమ్మటనే అసలు పని యారంభము కావలెను. వీథిలో ఒకరి ముఖ మొకరు చూడని పక్షముల ఏజెంట్లు లోపల ఒకే బల్లపై మోచేతికి మోచేయి తగులునట్లు దినమంతయు కూర్చుందురు. గుర్తింపుకార్డు మఱచివచ్చిన ముదుసలిని చూచి, "ఆమె మా మేనత్తే, నాకు తెలియును" అని ఎదిరి పక్షమువాడు చెప్పుట వింటిమి. మధ్యాహ్నము ఒకరి పులిహోర పొట్లమును మఱియొకరు విప్పుట చూచితిమి. సాయంకాలము గడువు ముగియునప్పటికి వరుసలో మిగిలినవారికి చీట్లు పంచవలసివచ్చును. ఆ చీట్లను కడపటి మనిషినుండి మొదలిడి ముందునకు పంచుచు రావలెనని నియమము. ముందునుండి మొదలిడినచో పంచుచుండగనే తోక పెరుగును. ఈ నియమమును కల్పించినవాడు తప్పక పెండ్లివిందులలో వడ్డించినవాడై యుండునని మా సహోపాధ్యాయు డొకరు హాస్యమాడుదురు. చివరకు 17-సి యను పత్రమున మొత్తము ఎన్ని ఓట్లు పడినవో వ్రాసి, ఏజెంట్లచేత సంతకములు చేయించి, వారికి నకళ్లిచ్చి, పెట్టెలకు ముద్రలు వేయుదుము. శత్రువులనబడువారి పేళ్లు ఆ కాగితముపై ఒకదానిక్రింద నొకటి యుండును. ఎన్ని ఓట్లు పడినవో వారి కెఱుకే. ఎవరికి పడినవో ఎవరికిని తెలియదు. ఎవరు ఓడెదరో తెలియకముందే లెక్కను ఒప్పుకొనుట యన్నమాట. ఓడిన తరువాత ఆ యొప్పుదల నిలుచునా, యనునదియే అసలు పరీక్ష.

ఆ పరీక్షకు మన దేశచరిత్రలో 1977 నాటి యెన్నికలకు మించిన యుదాహరణము మాకు కానరాదు. 1975 జూన్ 25 న అత్యవసర పరిస్థితి విధింపబడెను. ప్రతిపక్షనాయకులు చెఱసాలలలో నుండిరి. పత్రికలపై ప్రభుత్వపు తనిఖీ యుండెను. 1977 జనవరి 18 న ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారు ఎన్నికలను ప్రకటించిరి. మార్చి 16 మొదలు 20 వఱకు ఓట్లు పడినవి. ఉత్తరప్రదేశమున 85 స్థానములు, బీహారున 54 స్థానములు. వీనిలో కాంగ్రెసునకు ఒక్కటియు దక్కలేదు. ప్రధానమంత్రియే రాయబరేలీలో ఓడిరి. ఆంధ్రప్రదేశమందన్ననో, 42 స్థానములలో 41 కాంగ్రెసువారే గెలిచిరి. నంద్యాలనుండి నీలం సంజీవరెడ్డిగా రొక్కరే జనతాపక్షమున నెగ్గిరి. ఒకే దేశము, ఒకే వారము. సమాధానములు మాత్రము తలక్రిందులు.

అప్పటికి మేము పుట్టలేదు. మా తండ్రిగారు దివిసీమకు ఎగువనున్న యొక గ్రామమున ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. వారు చెప్పగా విన్నదానిని వ్రాయుచున్నాము. ఫలితములు వచ్చిననాడు జనులు పంచాయతీ రేడియో చుట్టును మూగిరట. ఆవుదూడ గుర్తునకు ఓటు వేసినవారు తమ సభ్యుడు గెలిచెనని సంతోషింపవలెనో, ఢిల్లీలో తమవారు ఓడిరని దుఃఖింపవలెనో తెలియక నిలిచిపోయిరట. నాగలి పట్టిన రైతు గుర్తునకు వేసిన నలుగురైదుగురు ఊరిలో ఓడి దేశమున గెలిచినవారు. వారు టపాకాయలు కాల్చిరి. దానిపై మాటామాటా పెరిగి, ఆ వేసవి యంతయు ఒకరి యెడ్లను మఱియొకరు ఎరవడుగలేదట.

ఇంతటి భేద మెందుకు కలిగినది? చరిత్రకారులు పెక్కు కారణములు చెప్పుదురు. ఉత్తరదేశమున బలవంతపు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలవలన ప్రజలు పడిన బాధ మనవైపున అంతగా తగులలేదు. పత్రికలపై అదుపుండుటచే అచ్చటి మాట యిచ్చటికి పూర్తిగా రాలేదు. ఒకరు కన్నులార చూచినదానిని మఱియొకరు చెవులతోనైన వినలేదు. కావున ఇరువైపులవారును అవతలివారిని మూఢులని తలంచిరి. నేడు అట్టి యదుపు లేదు. వార్తలకు కొదువయు లేదు. అయినను మా గ్రామమున పైవీథివారి సెల్లుఫోనులకు వచ్చు వాట్సాపు వార్త క్రింది వీథికి రాదు, వారిది వీరికి రాదు. నాడు కత్తెర ప్రభుత్వము చేత నుండెను. నేడు ఎవరి కత్తెర వారిచేతనే యున్నది. ఇది మేలో కీడో పాఠకులే చెప్పవలెను. మాకు మాత్రము పిల్లలచేత రెండు పక్షముల పత్రికలను ప్రక్కప్రక్కన చదివించుట కొంత మందుగా తోచినది.

పిమ్మట జరిగినదానిని గమనింపుడు. మార్చి 21 న అత్యవసర పరిస్థితి తొలగింపబడెను. ఓడిన ప్రధానమంత్రి రాజీనామా నిచ్చిరి. 24 న మొరార్జీ దేశాయిగారు ప్రమాణము చేసిరి. ఆంధ్రదేశమునుండి ఆ పక్షమున గెలిచిన యొక్క సభ్యుడే ముందు లోకసభ స్పీకరై, ఆ జులైలో ఎదురుపోటీ లేకుండ రాష్ట్రపతి యయ్యెను. ఎదురుపోటీ లేకుండుట యనగా ఓడిన కాంగ్రెసువారును అభ్యర్థిని నిలుపలేదనుట. 1980 జనవరిలో ఇందిరాగాంధీగారు నాటి ఆంధ్రప్రదేశమందలి మెదకునుండియు గెలిచి మఱల ప్రధానమంత్రి యైరి.

ఇవి ఢిల్లీ సంగతులు. ఊరి సంగతి వేఱు. ఎన్నికలై ఎనిమిది మాసములు కాగా, 1977 నవంబరు 19 న దివిసీమపై తుపాను విఱుచుకొనిపడినది. ఉప్పెన వచ్చి సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలగు గ్రామములను ముంచివేసినది. చనిపోయినవారు సుమారు 10,000 మంది యని ప్రభుత్వపు లెక్క. అంతకెక్కువ యని చెప్పువారును కలరు. ఢిల్లీలో జనతాప్రభుత్వము, హైదరాబాదులో కాంగ్రెసు ప్రభుత్వము. నిందలు లేకపోలేదు. అయినను అవనిగడ్డ కాంగ్రెసు నాయకులు మండలి వెంకటకృష్ణారావుగారు బాధితుల నడుమ నిలిచి పనిచేసిన తీరును, ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావుగార్లు జోలె పట్టి చందాలు పోగుచేసిన తీరును మావైపు పెద్దలు నేటికిని చెప్పుకొందురు.

మా తండ్రిగారి ఊరికి ఉప్పెన రాలేదు. చెట్లును పూరిండ్లును కూలినవి. నీరు తీసిన పిమ్మట ఆ యూరివారు బియ్యము, పాతబట్టలు, పలుగులు పారలు బండ్లకెత్తి దిగువకు పోయిరి. మా తండ్రిగారు ఎక్కిన బండి ఒక కాంగ్రెసు రైతుది. కట్టిన యెడ్లు టపాకాయలు కాల్చినవానివి. మూడుదినములు గోతులు త్రవ్వి శవములను పూడ్చిరట. వారు తఱచు చెప్పు మాట యింకొకటి కలదు. తిరిగివచ్చిన నెలకే ఆ యిరువురును మఱల ఇందిరాగాంధీని గూర్చి వాదించుకొనిరి. ఎడ్లను మాత్రము ఎరవిచ్చుకొనుచునే యుండిరి. ఈ కథలో మాకీ చివరి భాగమే యిష్టము. అభిప్రాయభేదము నశింపవలెనని మేము కోరము. భేదము లేని ఊరికి ఎన్నిక యేల? అయితే ఉప్పెన వచ్చిననే తప్ప ఎడ్లు ఎరవు పుట్టవా?

కొందఱు తల్లిదండ్రులు మాతో, "రాజకీయములు బురద, మాస్టరుగారూ, పిల్లలను ఆ ఛాయలకు పోనీయకుడు" అందురు. వారి యావేదన మాకు తెలియును. కాని కృష్ణాతీరమున పుట్టినవారము, బురదలోనే కదా నాట్లు వేయుదుము! గెలిచిన సభ్యుడు తనకు ఓటు వేసినవారికి మాత్రమే ప్రతినిధి కాడు. దారిలోని గుంట ఎవరి ఓటు ఎటుపడినదో చూచి బండి చక్రమును పట్టదు. గ్రామసభలో ఊరి ఓటరు ప్రతివాడును సభ్యుడే. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద ఎవరైనను అర్జీ వేయవచ్చును. మన రాష్ట్రమున గ్రామస్థాయిని రుసుము లేదు, మండలస్థాయిని అయిదు రూపాయలు. జవాబునకు గడువు ముప్పది దినములు. పదునేడేండ్లు నిండిన మన విద్యార్థులు ఓటరుగా చేరుటకు ఫారం 6 ను ముందుగనే ఇచ్చుకొనవచ్చును. ఇవన్నియు ఓడినవారికి ఎంత హక్కో గెలిచినవారికిని అంతే.

మా పాఠశాలకు వచ్చు బాటలో పంటబోదెపై నున్న కల్వర్టు 2023 లో కూలినది. వానకాలమున చిన్నపిల్లలు మోకాలిలోతు నీటిలో దాటుచుండిరి. అర్జీ వ్రాయుదమనగా గెలిచిన వీథివారు, "మేమడిగిన చాలదా? వాళ్ల సంతకమెందుకు?" అనిరి. ఓడిన వీథివారు, "మా పేళ్లు చూచిన, వచ్చునది కూడ ఆగిపోవును" అనిరి. మేమును మా సహోపాధ్యాయులొకరును ఒకే కాగితము పట్టుకొని రెండు వీథులును తిరిగితిమి. మొదటి సాయంకాలము ఏడు పేళ్లు వచ్చినవి. అందు అయిదు వేలిముద్రలు. అన్నియు ముదుసలి తల్లులవి. మనుమల చేయి పట్టుకొని బోదె దాటించువారు వారే. తల్లులు వేసిన కాగితమును కొడుకులు త్రోసివేయలేకపోయిరి. ప్రశ్న వేసిన విద్యార్థి తండ్రి మాత్రము రెండుమాఱులు మమ్ములను గుమ్మమునుండియే పంపివేసెను. మూడవమాఱు, "దీనివలన పని యగునా?" అని యడిగెను. చెప్పలేమంటిమి. ఆ మాట విని సంతకము చేసెను.

2024 ఆగష్టు 23 న రాష్ట్రమందలి 13,326 గ్రామపంచాయతీలలో ఒకే దినమున గ్రామసభలు జరిగినవి. మా ఊరి సభలో అర్జీ చదివిన పిమ్మట ఆయనయే లేచి, గొట్టములు రెండు వేసిన చాలునని చెప్పెను. మూడుమాసములుగ అతనితో మాటలాడని పైవీథి రైతు వెనుకనుండి, "రెండు చాలవు, మొన్నటి వానకు నీరెంత వచ్చెనో చూడలేదా? మూడు కావలె" ననెను. వారిరువురును కొంతసేపు దానిపై వాదించుకొనిరి. తీర్మానములో మూడని వ్రాసిరి.

ఈ సంచిక అచ్చునకు పోవునాటికి సిమెంటు గొట్టములు రెండు వచ్చి బాట ప్రక్కన పడియున్నవి. మూడవది యేమాయెనని మండల కార్యాలయమున సమాచారహక్కు అర్జీ వేయబడినది. అర్జీదారుడు ఆ బాలుని తండ్రి. అయిదు రూపాయలు పైవీథి రైతు ఇచ్చెను. గడువు ఇంకను పదునొకండు దినములు కలదు.